పలక తుడవకుండా రాయలేం

శివరాత్రి ఇంకా అయిదు రోజులుందనగా మా బాబాయి కారు ఆగిపోయింది. ఆగడానికి కారణం నేనే. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

మాది యర్రగొండపాలెం. శ్రీశైలం పోవాలంటే మాకు దోర్నాల దాకా వెళ్లి ఘాట్ రోడ్డు ఎక్కితే చాలు. అందుకని మా దగ్గర ట్యాక్సీ నడిపేవాళ్లకు శివరాత్రి అంటే పంట చేతికొచ్చే కాలం. మిగతా రోజుల్లో మార్కాపురం, ఒంగోలు ఆసుపత్రి ట్రిప్పులు, అప్పుడప్పుడూ పెళ్లి బాడుగలు. శివరాత్రి వారంలో మాత్రం బండి చల్లారదు. ఆ వారం బాడుగలతో బాబాయి రెండు నెలల ఫైనాన్స్ కంతులు కట్టేస్తాడు.

కారు పైన సామాన్లు పెట్టే క్యారియర్ కాలు ఒకటి విరిగింది. బోల్టులు తుప్పు పట్టి ఊడి రాలేదు. సరే అని కారు మీదే వెల్డింగ్ పెట్టించాం. వెల్డింగ్ చేసే కుర్రాడు మంచోడు. "అన్నా, బ్యాటరీ వైరు పీకమంటావా?" అని అడిగాడు. బాబాయి నా వైపు చూశాడు. ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నవాణ్ణి కదా! "ఎందుకు? కీ ఆఫ్‌లోనే ఉందిగా" అన్నా.

మర్నాడు పొద్దున కీ తిప్పితే స్టార్టర్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవట్లేదు. మామూలుగా కీ ఆన్ చేయగానే మీటర్‌లో పసుపు రంగు చెక్ ఇంజిన్ లైటు వెలగాలి. అదీ వెలగలేదు. మా ఊరి మెకానిక్ వచ్చి చూసి "బాక్స్ పోయింది" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. అయినా కారు మళ్లీ రోడ్డెక్కడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో నేర్చుకున్నది మీకూ పనికొస్తుందని రాస్తున్నా.

బాక్స్ అంటే

మెకానిక్‌లు బాక్స్ అనేదాన్ని మనం ఈసీఎం అంటాం, ఎలక్ట్రానిక్ కంట్రోల్ మాడ్యూల్. కొందరు ఈసీయూ అని కూడా అంటారు. అరచేతికి కాస్త పెద్దదిగా ఉండే అల్యూమినియం పెట్టె. లోపల ఒక మైక్రోకంట్రోలర్, మెమరీ, ఇంజెక్టర్లకు కరెంటు ఇచ్చే డ్రైవర్ సర్క్యూట్లు ఉంటాయి. 1979లో బాష్ కంపెనీ మోట్రానిక్ పేరుతో ఇంధనాన్నీ స్పార్కునీ ఒకే పెట్టె చూసుకునే ఏర్పాటు తెచ్చింది, అది మొదట బీఎండబ్ల్యూ కార్లలో వచ్చింది. ఇప్పుడు మన ఊళ్లలో తిరిగే దాదాపు ప్రతి కారులోనూ అలాంటి పెట్టె ఒకటి ఉంది.

దాని పని ఎంత వేగంగా ఉంటుందో ఒక చిన్న లెక్క వేద్దాం. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతోందనుకోండి. ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒక్కో సిలిండర్‌కు ఒకసారి డీజిల్ పడాలి. అంటే నిమిషానికి 4000 సార్లు, సెకనుకు 67 సార్లు. పడే ముందు రైలు అనే గొట్టంలో డీజిల్ 1600 బార్ దాకా ఒత్తిడితో ఉంటుంది. మన కారు టైరులో గాలి రెండు బార్‌లకు కాస్త అటూ ఇటూ. అంత ఒత్తిడి ఉన్న డీజిల్‌ని ఎప్పుడు, ఎంతసేపు వదలాలో ఈసీఎం చెబుతుంది. ఆ "ఎంతసేపు" అనేది సెకనులో వెయ్యో వంతుల లెక్క.

మరి వెల్డింగ్‌కు అది ఎలా పోయింది? ఆర్క్ వెల్డింగ్‌లో వంద ఆంపియర్ల దాకా కరెంటు పోతుంది. పోయిన కరెంటు ఎర్త్ క్లాంపు దగ్గరికి తిరిగి రావాలి. ఆ క్లాంపుని బానెట్ తెరిచి ఇంజిన్ బ్రాకెట్‌కు పట్టించారు. వెల్డింగ్ పైన, క్లాంపు ముందు. కరెంటు కారు బాడీ అంతా ప్రయాణం చేసి ఇంజిన్‌కి చేరాలి. బాడీకీ ఇంజిన్‌కీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ తుప్పు పట్టి ఉంటే ఆ కరెంటు వేరే దారులు వెతుక్కుంటుంది. ఈసీఎం ఎర్త్ వైర్లు అలాంటి దారి. పైగా ఆర్క్ అంటుకుని ఆరినప్పుడల్లా వోల్టేజ్ ఎగిసిపడుతుంది. కీ ఆఫ్‌లో ఉన్నా ఈసీఎం ఎర్త్ వైర్లు బాడీకి తగిలే ఉంటాయి, బ్యాటరీ సరఫరా కూడా ఒక పిన్ను దగ్గర ఎప్పుడూ ఉంటుంది. "కీ ఆఫ్‌లోనే ఉందిగా" అన్న నా మాటలో తప్పు అక్కడుంది. బ్యాటరీ నెగటివ్ తీసి, క్లాంపుని వెల్డింగ్ చోటికి జానెడు దూరంలో పెట్టి ఉంటే సరిపోయేది.

ఆటోనగర్ బాక్సు

షోరూములో కొత్త బాక్స్ 42 వేలు, రావడానికి పది రోజులు అన్నారు. శివరాత్రి నాలుగు రోజుల్లో ఉంది. బాబాయి రాత్రికి రాత్రి బస్సెక్కి విజయవాడ ఆటోనగర్ పోయాడు. అక్కడ పాత కార్లు విప్పి అమ్మే కొట్లలో అదే మోడల్ కారుది, అదే సాకెట్ ఉన్నది, 9 వేలకు దొరికింది. తెచ్చి బిగించాం. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది! పిన్ని అప్పటికప్పుడు కొబ్బరికాయ తెచ్చింది. కీ తిప్పితే స్టార్టర్ తిరిగింది. ఇంజిన్ మాత్రం అందుకోలేదు. మీటర్‌లో తాళంచెవి బొమ్మ ఉన్న లైటు మాత్రం ఆగకుండా మిణుకుమంటోంది.

మెకానిక్ అయోమయంలో పడ్డాడు. "బాక్స్ మార్చినా అందుకోలేదంటే వైరింగ్‌లో ఏదో ఉందబ్బాయా" అని రెండు రోజులు డాష్‌బోర్డు విప్పి వైర్లు వెతికాడు. ఆయనకు వెల్డింగ్ సంగతి తెలీదు. బాబాయికి తెలుసు కానీ దానికీ దీనికీ సంబంధం ఉందని తట్టలేదు. తట్టింది నాకొక్కడికే. నేను నోరు మెదపలేదు.

శివరాత్రి జాగారం రాత్రి అందరం మేలుకునే ఉన్నాం. వీధిలోంచి శ్రీశైలం పోయే బండ్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. బాబాయి అరుగు మీద కూర్చుని వాటినే చూస్తున్నాడు. అప్పుడు చెప్పేశా. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మెకానిక్‌కి ఫోన్ చేసి ఇదే మాట చెప్పు" అన్నాడు.

పోయింది బాక్సేనా అని తేల్చుకోవడం

మర్నాడు మెకానిక్, నేను కలిసి మొదటి నుంచి కొలిచాం. ఈ పని మొదటి రోజే చేయాల్సింది. బాక్స్ కొనే ముందు ఎవరైనా చేయాల్సింది ఇదే.

మొదట సరఫరా. ఈసీఎం సాకెట్ పీకి, కీ ఆన్‌లో పెట్టి, సరఫరా పిన్నుల దగ్గర 12 వోల్టులు వస్తున్నాయా చూడాలి. మల్టీమీటర్ ఒక్కటే నమ్మకూడదు. మీటర్ తీసుకునే కరెంటు దాదాపు సున్నా కాబట్టి, వైరులో ఒక్క పోగు మిగిలి ఉన్నా అది 12 చూపిస్తుంది. అందుకే సరఫరా పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెట్టాం. అది 1.75 ఆంపియర్లు లాగుతుంది. బల్బు నిండుగా వెలిగితే సరఫరా, ఎర్త్ రెండూ గట్టివే. మాది నిండుగా వెలిగింది. బల్బు వెలుగుతుండగానే ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కొలిస్తే 0.1 వోల్టు కన్నా తక్కువే ఉంది. అలాగే ఉండాలి.

తర్వాత 5 వోల్టుల లైను. చాలా సెన్సార్లకు ఈసీఎం తనే 5 వోల్టులు పంపుతుంది. ఒక్క సెన్సార్ షార్ట్ అయినా ఆ లైను మొత్తం పడిపోయి, బాగున్న ఈసీఎం కూడా చచ్చినట్టే కనిపిస్తుంది. అప్పుడు సెన్సార్ల సాకెట్లు ఒక్కొక్కటే పీకుతూ పోతే, ఏది పీకినప్పుడు 5 వోల్టులు తిరిగొస్తే అదే దొంగ. పాత బాక్స్ పెడితే మాకు 5 వోల్టులు రాలేదు, అన్ని సెన్సార్లు పీకినా రాలేదు. ఆటోనగర్ బాక్స్ పెడితే వచ్చాయి. అంటే సెన్సార్ల తప్పు లేదు.

చివరగా క్యాన్ లైను. డాష్‌బోర్డు కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య, బ్యాటరీ వైరు తీసేసి ఓమ్‌లు కొలవాలి. లైనుకి రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు సమాంతరంగా ఉంటాయి కాబట్టి 60 రావాలి. 120 వస్తే ఒక చివర తెగిందని, సున్నా దగ్గరికి వస్తే రెండు వైర్లు కలిశాయని అర్థం. మాకు 60 వచ్చింది.

వైరింగ్ బాగుంది, పాత బాక్సే పోయింది. మరి కొత్తగా తెచ్చింది ఎందుకు పని చేయట్లేదు?

ఇంకొకరు రాసిన పలక

ఆ రోజే ఒంగోలులో ఈసీఎంలు బాగుచేసే ఒకాయన దగ్గరికి రెండు బాక్సులూ పట్టుకుపోయాం. ఆయన చెప్పినదాన్ని మా ప్రాంతం భాషలోకి మార్చి చెబుతా. మార్కాపురం పలకలు మీకు తెలుసు. కంపెనీ నుంచి వచ్చే కొత్త ఈసీఎం రాయని పలక. బండిలోంచి తీసిన ఈసీఎం ఇంకొకరి పిల్లాడు రాసుకున్న పలక. చట్రం ఒకేలా ఉన్నా రాత వేరు.

ఆ రాతలో పొరలున్నాయి. అడుగున ప్రోగ్రాం. దాని మీద కాలిబ్రేషన్, అంటే ఏ వేగంలో, ఏ వేడిలో ఎంత డీజిల్ అనే పట్టికలు. ఒకే ఇంజిన్ అయినా గేర్‌బాక్స్ వేరైతే, ఏబీఎస్ ఉన్నా లేకపోయినా ఇవి మారొచ్చు. దాని మీద ఆ ఒక్క కారుకే సంబంధించిన వివరాలు: ఛాసిస్ నంబరు, తాళంచెవుల గుర్తింపు, ఇంజెక్టర్ కోడ్లు. అన్నిటికన్నా పైన ఈసీఎం నడుస్తూ తనే నేర్చుకున్న సవరణలు. సాకెట్ సరిపోయిందని బాక్స్ కొనడమంటే, చట్రం చూసి పలక కొన్నట్టే.

మా తాళంచెవి లైటు మిణుకుమన్నది మూడో పొర దగ్గర. తాళంచెవి తలలో బ్యాటరీ లేని చిన్న చిప్పు ఉంటుంది. కీ పెట్టే చోట చుట్టూ ఒక కాయిల్ ఉంటుంది. 125 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఆ కాయిలే చిప్పుకి కరెంటు కూడా అందిస్తుంది. దీన్ని ఇమ్మొబిలైజర్ అంటారు. యూరప్‌లో 1998 నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేశారు.

మన క్లబ్బులో అవధానం జరిగినప్పుడు పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు కదా, ఇదీ అంతే. బండి ప్రతిసారీ కొత్త సమస్య ఇస్తుంది. చిప్పు తన రహస్య సంఖ్యతో దాన్ని పూరించి పంపుతుంది. పూరణ సరిపోతేనే ఈసీఎం డీజిల్ వదులుతుంది. నిన్నటి పూరణ బట్టీ పట్టి వచ్చినవాడికి ఇవాళ పని జరగదు, ఎందుకంటే ఇవాళ సమస్య వేరు. దొంగని ఆపడానికి పెట్టిన ఈ ఏర్పాటుకి, మా బాబాయి దొంగ కాడని తెలిసే దారి లేదు. ఆటోనగర్ బాక్స్ తన పాత బండి తాళాన్నే వెతుకుతోంది.

రెండు దారులు

మొదటిది కంపెనీ దారి. కొత్త బాక్స్ తెచ్చి బిగించి, స్కానర్‌తో ఆ కారు పిన్ నంబరు కొట్టి తాళంచెవులు నేర్పడం. ఉదాహరణకు చాలా హ్యుందయ్ కార్లలో ఆ పిన్ ఆరంకెలది. మూడుసార్లు తప్పు కొడితే గంటసేపు తాళం పడుతుంది. ఉన్న తాళంచెవులన్నీ ఒకే దఫాలో నేర్పించాలి, ఇంట్లో మర్చిపోయి వచ్చిన చెవి తర్వాత పని చేయదు. వాడిన బాక్స్ అయితే ముందు దాన్ని న్యూట్రల్ చేయాలి, అంటే పలక తుడవాలి. తిరకాసు ఇక్కడే ఉంది. తుడవడానికి అది వచ్చిన పాత బండి పిన్ కావాలి. విప్పి తుక్కుగా అమ్మేసిన కారు యజమాని ఎక్కడ దొరుకుతాడు?

రెండోది నకలు దారి. పాత బాక్స్‌లో మెమరీ చిప్పు బతికి ఉంటే, దాన్ని బల్ల మీదే పవర్ ఇచ్చి చదివి, మొత్తం రాతని రెండో బాక్స్‌లోకి దించేయడం. ఛాసిస్ నంబరు, తాళాలు, ఇంజెక్టర్ కోడ్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టు వచ్చేస్తాయి. బండి దగ్గర ఉండాల్సిన పనే లేదు. మా పాత బాక్స్‌లో పోయింది సరఫరా భాగం. మెమరీ బాగానే చదవగలిగారు.

కానీ మేం తెచ్చిన బాక్స్ మీద హార్డ్‌వేర్ నంబరు వేరు. లోపలి సర్క్యూటే వేరు కాబట్టి రాత దించినా పని చేయదు. "లేబుల్ ఫోటో తీసుకుని పోండి, హార్డ్‌వేర్ నంబరులో చివరి అంకె దాకా కలవాలి" అన్నాడాయన. బాబాయి మళ్లీ విజయవాడ. కొట్టువాళ్లు 2 వేలు పట్టుకుని మార్చి ఇచ్చారు.

తొమ్మిదో రోజు మళ్లీ ఒంగోలు. పని మొదలెట్టే ముందు ఆయన కారు ఆర్సీ, బాబాయి ఆధార్ అడిగి తీసుకున్నాడు. బాబాయికి కాస్త చిన్నతనంగా అనిపించింది. నాకు మాత్రం నమ్మకం కలిగింది. ఇదే పని దొంగ కారుకీ చేయొచ్చు కదా, అడగనివాడి దగ్గరికే పోకూడదు. అలాగే కొందరు "తాళం గొడవ లేకుండా ఇమ్మొబిలైజరే తీసేస్తాం" అంటారు. చవకే. కానీ ఆ తర్వాత ఆ కారుని మామూలు ఇనుప తాళంతో ఎవరైనా తోలుకుపోవచ్చు.

బాక్స్‌లోకి రాసేటప్పుడు చూశా, ఆయన మొదట స్థిరమైన పవర్ సప్లై, దాని వెనక యూపీఎస్ సరిచూసుకున్నాడు. సగం రాశాక కరెంటు పోతే ప్రోగ్రాం సగమే ఉంటుంది, బాక్స్ లేవనే లేవదు. బండిలోనే రాస్తే బ్యాటరీకి చార్జర్ తగిలించి రాయాలి. మన ఊళ్ల కరెంటు సంగతి తెలిసిందేగా.

ఒక మాట. ఇది మా పాత డీజిల్ కారు కథ. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 కార్లలో చాలావాటికి ఈసీఎం భద్రత ఇంకా గట్టిది. కంపెనీ సర్వర్‌తో ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకుంటే తప్ప రాయనివ్వని బాక్సులున్నాయి. అలాంటి బండ్లకు పాత బాక్స్ కొనే ముందు రెండుసార్లు ఆలోచించాలి.

బిగించాక

సాయంత్రం బాక్స్ బిగించి కీ తిప్పితే మొదటి తిప్పుకే అందుకుంది. కొబ్బరికాయ ఈసారి నిజంగానే కొట్టారు. కానీ ఐడిల్‌లో కాస్త వణుకుతోంది. మార్కాపురం నుంచి మంచి స్కానర్ ఉన్న మెకానిక్‌ని పిలిపించాం.

ఇంజెక్టర్లు ఒకే అచ్చులో పోసినా రెండు ఒకేలా ఉండవు. అందుకని తయారీలోనే ఒక్కోదాన్ని పరీక్షించి, దాని తేడా ఎంతో ఒక కోడ్‌గా పైన చెక్కుతారు. ఆ కోడ్ చూసి ఈసీఎం తన వెయ్యో వంతుల లెక్కని సవరించుకుంటుంది. స్కానర్‌లో ఉన్న నాలుగు కోడ్లనీ ఇంజెక్టర్ల మీద ఉన్నవాటితో కలిపి చూస్తే మూడోది కలవలేదు. రెండేళ్ల కిందట ఆ ఇంజెక్టర్ మార్చారు, కోడ్ మాత్రం ఎక్కించలేదు. నకలు తీస్తే ఒప్పులతో పాటు తప్పులూ వస్తాయి మరి! కోడ్ ఎక్కించాక వణుకు తగ్గింది.

తర్వాత పాత ఫాల్ట్ కోడ్లు తుడిచి, ఇంజిన్ వేడెక్కేదాకా ఐడిల్‌లో ఉంచి, త్రిపురాంతకం రోడ్డు మీద రకరకాల వేగాల్లో నడిపాం. ఈసీఎం తన చివరి పొర, అంటే తను నేర్చుకునే సవరణలు, ఇలా నడుస్తూనే రాసుకుంటుంది. మళ్లీ స్కాన్ చేస్తే ఏ కోడూ రాలేదు.

లెక్క చెబుతా. బాక్స్ 9 వేలు, మార్పిడికి 2 వేలు, ఒంగోలు పనికి 6 వేలు, స్కానర్ మెకానిక్‌కి వెయ్యి. మొత్తం 18 వేలు. షోరూము ధరలో సగం కూడా కాదు. కానీ శివరాత్రి బాడుగలు ఈ లెక్కలో లేవు. ఆ నెల కంతు పిన్ని చీటీ పాడి కట్టింది.

మీ ఇంట్లో ఎవరి కారుకైనా ఇలా జరిగితే ఈ వరసలో పోండి. ఆగే ముందు బండికి ఏం జరిగిందో అంతా మెకానిక్‌కి చెప్పండి. సరఫరా, ఎర్త్, 5 వోల్టులు, క్యాన్ కొలిపించండి. పాత బాక్స్ పారేయకండి, మీ కారు వివరాలన్నీ ఉన్నది అందులోనే. లేబుల్ ఫోటో తీసి హార్డ్‌వేర్ నంబరు కలిపి చూడండి. ఉన్న తాళంచెవులన్నీ, ఆర్సీ దగ్గర పెట్టుకోండి. ఇంజెక్టర్ కోడ్లు సరిచూడమనండి.

కాలేజీకి బయల్దేరే రోజు బాబాయే కారులో బస్టాండులో దింపాడు. నేను మళ్లీ సారీ చెప్పబోయా.

"వైరు పీకొద్దన్నావని కోపం లేదురా. తెలీదు, అన్నావు. అయిపోయింది. బాక్స్ పోయిన రోజే ఆ మాట చెప్పుంటే మెకానిక్ రెండు రోజులు వైర్లు వెతికేవాడు కాదు. అది మాత్రం గుర్తు పెట్టుకో."

బస్సు కదిలాక చూస్తే బాబాయి బానెట్ తెరిచి ఉన్నాడు. క్యారియర్ రెండో కాలు కూడా ఊగుతోందని పొద్దున్నే అన్నాడు. వెల్డింగ్ షాపుకి పోయే ముందే బ్యాటరీ నెగటివ్ నట్టుకి స్పానర్ సరిపోతుందో లేదో చూసుకుంటున్నాడు.